రంగు గీకిన సీపీయూ

మొదటిసారి తగిలినప్పుడు అది కరెంటు అని నేను అనుకోలేదు. చీమ కుట్టిందనుకుని మోచెయ్యి దులుపుకుని మళ్ళీ పనిలో పడ్డాను.

నాది డీటీపీ పని. శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, గుడి కరపత్రాలు ఇంట్లోనే టైపు చేసి ప్రెస్సుకు పంపుతాను. అరసవల్లి వైపు ఉంటుంది మా ఇల్లు. వెనక మెట్ల కింద చిన్న గది ఉంది. మా ఆయన స్కూటర్ పెట్టుకుంటానని కట్టించాడు గానీ స్కూటర్ ఏనాడూ అందులోకి వెళ్ళలేదు. మా నాన్న వడ్రంగి. ఆయన పోయాక ఆయన సామాను నేను తెచ్చుకున్నాను. తమ్ముడు ఎలక్ట్రీషియన్, అతనికి అవి అక్కర్లేదు. ఆ గదిలో ఒక బల్ల వేసి, దానికి వైసు బిగించి, హాక్సా, ఆకురాళ్ళు గోడకి వేలాడదీసుకున్నాను. విరిగిన కుర్చీలూ ఊడిన గొళ్ళేలూ బాగుచేసుకోవడం నాకు అక్కడే అలవాటైంది.

ఆ ఏడు ఎండలకి నా కంప్యూటర్ మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు ఆగిపోయేది. లోపల వేడి బయటికి పోవడం లేదు, కొత్త క్యాబినెట్ కొనుక్కోండి అన్నాడు రిపేరు షాపతను. నాకు ఒప్పలేదు. రేకు డబ్బాయే కదా, పైన ఒక కన్నం చేసి పెద్ద ఫ్యాను పెడితే సరిపోదా అనిపించింది. పై రేకు ఊడదీసి, వృత్తం గీసి, గీత వెంబడి డ్రిల్లుతో వరసగా చిన్న చిన్న కన్నాలు వేశాను. వాటిని హాక్సా బ్లేడుతో కలుపుతూ కోశాను. తర్వాత ఆకురాయితో అంచు నున్నగా చేశాను. మూడు ఆదివారాలు పట్టింది. చూపుడువేలు ఒకసారి తెగింది.

అంచు దగ్గర నల్ల రంగు లేచిపోయి లోపలి రేకు కనిపించింది. పాత అర్ధరూపాయి బిళ్ళ మీద ఉంటుందే, ఆ మెరుపు. అంత అందమైన రేకు మీద ఆ నల్ల రంగు ఎందుకు వేశారో అనుకున్నాను. ఇక ఆగలేకపోయాను. డబ్బా మొత్తం రంగు గీకేశాను. గరుకు కాగితం, ఆ తర్వాత సన్నది, ఆ తర్వాత నీళ్ళు పెట్టి ఇంకా సన్నది. చివర్లో తుప్పు పట్టకుండా కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను. అది ఇంట్లో నా కంప్యూటర్ బల్ల పక్కన నేల మీద నిలబడితే, పని మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తొలకరి వాన పడ్డ రోజున ఆ చీమ కుట్టింది. గదిలో నేల చెమ్మగా ఉంది, నా కాళ్ళకి చెప్పుల్లేవు. ఓ గంట తర్వాత మా ఆయన టీ తెచ్చి, వంగి కప్పు పెడుతూ డబ్బా మీద చెయ్యి ఆనించాడు. కప్పు జారిపోయింది. ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి జరిగి, "ఏటి పెట్టినావే దీన్లో?" అన్నాడు.

నా పనితనం మీదే నాకు అనుమానం వచ్చింది. నేను బిగించిన స్క్రూ ఎక్కడో ఏ తీగనో గుచ్చేసి ఉంటుందనుకున్నాను. శుభలేఖ వాళ్ళకి ఇవాళ రేపు అంటూ, రెండు రోజులు డబ్బా అంతా విప్పి ఒక్కొక్క తీగనీ వేళ్ళతో తడిమి చూశాను. ఎక్కడా గీత కూడా లేదు. మళ్ళీ బిగించి, ప్లగ్గు పెట్టి, టెస్టరు రేకుకి ఆనించాను. టెస్టరు లోపలి చిన్న దీపం వెలిగింది. స్విచ్ కట్టేశాను. అయినా వెలిగింది.

నేను అలాగే గొంతుక్కూర్చుండిపోయాను. స్విచ్ కట్టేసిన డబ్బాలో కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? ప్లగ్గు గోడలోంచి లాగేశాను. దీపం ఆరింది. పెట్టాను, వెలిగింది. నాలుగుసార్లు అలా చేశాక గానీ నాకు బోధపడలేదు. కరెంటు డబ్బాలోంచి రావడం లేదు. గోడలోంచి వస్తోంది.

టెస్టరు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఫ్రిజ్జు తలుపు పిడి మీద రంగు లేచిపోయిన చోట పెడితే వెలిగింది. వంటింటి మిక్సీ పక్కన ప్లగ్గులో ఉన్న ఇస్త్రీ పెట్టెకి వెలిగింది. వాషింగ్ మెషీన్ దగ్గరకి వెళ్తుంటే, పదో తరగతి చదివే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, అది కూడా అంతేనమ్మా, ఎప్పుడూ చిమచిమలాడతాది అంది. ఏదో మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది. అందుకే తను పీట ఎక్కి బట్టలు తీస్తుందట.

ఆ పీట నాకు తెలుసు. పొట్టిపిల్ల, అందక ఎక్కుతోందని అనుకునేదాన్ని. ఎన్నాళ్ళ నుంచీ అని అడిగాను. ఆరో తరగతి నుంచి అంది. నాకెందుకు చెప్పలేదే అంటే, అందరిళ్ళల్లోనూ అలాగే ఉంటాదనుకున్నానంది. ఆ మెషీన్ చుట్టూ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నాలుగేళ్ళుగా నా కూతురు ఆ తడిలో ఒక చెక్క ముక్క మీద నిలబడి బతికింది, నేను పక్క గదిలో ఎవరివో శుభలేఖల్లో అక్షరాలు దిద్దుకుంటున్నాను.

తమ్ముడికి ఫోన్ చేశాను. మా ఇంటి వైరింగు అంతా అతనే చేశాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్న. మా వైపు అక్కని పిలిచినట్టే నన్ను అప్పా అని పిలుస్తాడు, నేనేం చెప్పినా కాదనడు. సాయంత్రానికి వచ్చాడు. జరిగిందంతా నిలబడే విన్నాడు, మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కంప్యూటర్ దగ్గరకి రాలేదు. ఫ్రిజ్జు దగ్గరకి వెళ్ళలేదు. తిన్నగా వరండాలో మెయిన్ బోర్డు దగ్గరకి వెళ్ళి, ఫీజులు తీసి, పలక విప్పి, దాని వెనక్కి చెయ్యి పెట్టాడు. వెతకలేదు. చెయ్యి పెట్టిన చోటే ఉంది అది. ఆకుపచ్చ తీగ, చుట్ట చుట్టి, కొసకి టేపు వేసి ఉంది. అంత శుభ్రంగా చుట్టి ఉంది, ఎవరో దాచుకున్నట్టు.

అది ఎర్తు తీగ. ఇంట్లో ప్రతి సాకెట్ నుంచీ వచ్చి, బయట గోతిలో పాతిన గొట్టానికి కలవాల్సిన తీగ.

"ఇది ఇలగున్నట్టు నీకు తెలుసేట్రా?" అన్నాను.

"తెలుసప్పా. నానే పెట్టినాను."

నాకు కోపం రావడానికి కూడా కొంతసేపు పట్టింది. చిన్నప్పుడు నా జడ పట్టుకుని బడికి వచ్చిన పిల్లాడు. నా కూతుర్ని ఎత్తుకుని తిప్పిన మేనమామ. నేను ఏదో అనబోయేలోగా అతనే అన్నాడు, తల ఎత్తకుండా.

"నువ్వే సెప్పినావప్పా. తెల్లారితే పాలు పొంగించాలి, దీపాలెలిగితే సాలు, గొయ్యి తరవాత తవ్వుకుందుమన్నావు."

నేను అనలేదన్నాను. అలాంటి మాట నేనెందుకంటానన్నాను. తొమ్మిదేళ్ళ కిందటి ఆ గృహప్రవేశం నాకు బాగా గుర్తు. ముందురోజు పొద్దున్నుంచీ వాన. తెల్లవారుజామున ఇంట్లో అన్ని దీపాలూ వెలుగుతుంటే చుట్టాలు వాకిట్లోనే ఆగి చూశారు. పాలు ఎటు పొంగాయో కూడా గుర్తుంది. ఈ మాట మాత్రం లేదు. ఎంత తడుముకున్నా లేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన మెల్లగా, "అన్నావు. నానూ ఇన్నాను," అన్నాడు.

నేను ఇద్దరి మొహాలూ చూశాను. ఇద్దరిలో ఎవరూ నన్ను తప్పు పట్టడం లేదు. అదే భరించలేకపోయాను. నన్నెవరైనా తిడితే బాగుండుననిపించింది. ఒక మనిషి తన నోటితో అన్న మాట అంత పూర్తిగా ఎలా మరిచిపోతుంది? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత అతను విడమరిచి చెప్పాడు. ఆకుపచ్చ తీగ అసలు లేకపోయినా ఇంత ప్రమాదం లేదట. ఇది అన్ని మిషన్లనీ ఒకదానితో ఒకటి కలిపి, భూమికి మాత్రం కలపలేదు. దాంతో ఏ ఒక్క మిషన్‌లో లీకైనా అన్నిటి ఒంటికీ పాకుతుంది. స్విచ్ కట్టేసిన నా సీపీయూకి వచ్చింది వాషింగ్ మెషీన్‌ది కావచ్చు, ఫ్రిజ్జుది కావచ్చు. ఇన్నాళ్ళూ పై రంగే మా చేతులకి అడ్డం ఉంది. ఆ రంగు నేను గీకేశాను.

ఆ రాత్రికి మెయిన్ కట్టేసి పడుకున్నాం. మర్నాడు పొద్దున్నే పెరట్లో గొయ్యి తవ్వాం. వానకి నేల మెత్తబడి గునపం సులువుగా దిగింది. తమ్ముడు తవ్వుతుంటే నేను మట్టి ఎత్తాను. గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోసి, ఆకుపచ్చ తీగ దానికి బిగించాడు. లీకయ్యేది వాషింగ్ మెషీనేనని తేలితే దాని లోపలి తీగ మార్చాడు. టెస్టరు మా అమ్మాయి చేతికిచ్చాం. అన్నిటికీ పెట్టి చూసింది. ఎక్కడా వెలగలేదు. నా సీపీయూ కూడా ఆ రోజే మళ్ళీ పెట్టుకున్నాను. పైన కోసిన కన్నంలో ఫ్యాను బాగానే తిరిగింది, మిట్టమధ్యాహ్నమైనా ఆగలేదు, శుభలేఖలు పంపేశాను.

తమ్ముడు మాత్రం అన్నం దగ్గర కూర్చుని కలపకుండా కంచంలోకే చూస్తున్నాడు. ఏటయ్యిందని అడిగితే చెప్పాడు. మా ఇంట్లో ఏమీ కాలేదు కదా అని, ఆ తర్వాత తొందర పెట్టిన ఇంకో మూడిళ్ళలోనూ అలాగే వదిలేశాడట. "మీ ఇల్లు సూసుకునే ధైర్యం చేసినానప్పా," అన్నాడు.

రెండిళ్ళు ఊళ్ళోనే ఉన్నాయి. వెళ్ళి చెప్పి, మాటలు పడి, పని చేసి వచ్చాడు. మూడోది శ్రీకూర్మం దాటాక సముద్రం వైపు ఉంది. ఆదివారం అతని బండి మీద నేనూ వెళ్ళాను. అలా వదిలెయ్యమని మొదట అన్నది నేనేనని ఆ ఇంటివాళ్ళకి చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. సరుగుడు తోటలు దాటాక ఇసక మొదలైంది, గునపం నా ఒళ్ళో బరువుగా ఉంది.

ఆ ఇంటావిడ చేపలమ్ముకునే మనిషి, అరవై దగ్గర ఉంటాయి. భర్త సముద్రంలోకి చేపల వేటకి వెళ్ళాడు. తమ్ముడిని గుర్తుపట్టి, ఏం బాబూ ఇటొచ్చావని పలకరించింది. మోటారు ఒకసారి చూస్తానని అతను వాకిటి మూల బోరు దగ్గరకి వెళ్ళి, టెస్టరు పెట్టాడు. మా ఇంట్లో వెలిగినట్టు కాదు, ఎండలో కూడా కనబడేట్టు వెలిగింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె అది చూసింది. తర్వాత అడిగింది. "బాబూ, పోయిన వానలకి మా మేక ఇక్కడే సచ్చిపోనాది. పాము కరిసిందనుకున్నాం. పాము కాదేటి?"

తమ్ముడు వెళ్ళి ముందు మోటారు స్విచ్ కట్టేశాడు. అబద్ధం చెప్తాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. చెప్తే బాగుండునని కూడా అనుకున్నాను, దాచడం దేనికి.

"కాదమ్మా. నాను పని సగంలో ఒగ్గేసినాను. అందుకే," అన్నాడు.

ఆమె అరవలేదు. తన మొగుడు రోజూ ఆ మోటారుని ముట్టుకుంటాడు కదా అంది, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత, ముందు పని చెయ్యి అంది. మేము తవ్వుతున్నంతసేపూ గడప మీద కూర్చుని చూసింది. ఇసక కావడంతో గొయ్యి పూడుకుపోతూనే ఉంది, రెండింతలు లోతు తవ్వాల్సి వచ్చింది. ఎండలో తమ్ముడి చొక్కా వీపుకి అంటుకుపోయింది. మోటారు లోపల చెడిన తీగ మార్చి, ఎర్తు బిగించాక, ఆమె లేచి వచ్చి టెస్టరు నాకెందుకు, నువ్వే ముట్టుకుని చూపించమంది. అతను చెప్పులు విడిచి, మోటారు కింద నిలిచిన నీళ్ళలో కాళ్ళు పెట్టి, స్విచ్ వేయించి, అరచెయ్యి దాని మీద పెట్టాడు. ఆమె చాలనేవరకూ తియ్యలేదు. నేను కళ్ళు మూసుకుని తెరిచాను.

అప్పుడు నేను చెప్పాను. దారిలో కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "అలగ ఒగ్గీమని మొదట సెప్పినది నేనమ్మా. మా ఇంటికాడ," అన్నాను.

"నువ్వెవరు?" అందామె.

"ఆడి అప్పని."

నన్ను కింది నుంచి పైకి చూసింది. "మా మనవరాలు సచ్చిన మేకని లాగబోతే నానే కసురుకున్నాను. పాముంటాదే దగ్గిరికెళ్ళకు అని," అంది. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మేము ఆ వాకిట్లోనే నిలబడ్డాం. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. లోపల గిన్నెల చప్పుడు అవుతోంది. కొంతసేపటికి తమ్ముడు గునపం కడిగి బండికి కట్టాడు.