తాతగారి తిథిని వెతికిన శాస్త్రిగారు

2003 ఆగస్టు పంతొమ్మిదో తేదీ, మంగళవారం, ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు యజ్ఞనారాయణ శాస్త్రిగారు అమలాపురంలోని స్వగృహంలో దివంగతులైనారు. వయస్సు ఎనభై అయిదేళ్ళ పదకొండు నెలలు. మూడు రోజులుగా విడవని ముసురు. ఓడలరేవు వైపు నుంచి వీచే గాలికి కొబ్బరాకులన్నీ ఒకే దిక్కుకు ఒరిగి ఉన్నాయి. ఆయన కుమారుడు మా గుమ్మంలో నిలబడి, "నాన్నగారు వెళ్ళిపోయేరండీ" అన్నప్పుడు నేను గడియారం చూశాను. చేయదగిన పని మరొకటి తోచలేదు.

ఉన్నత పాఠశాలలో ఆయన చరిత్రను, నేను గణితాన్ని ఇరవై ఏడేళ్ళు బోధించాము. ఒక విద్యార్థి ఏదో రాజు మరణాన్ని పట్టాభిషేకానికి ముందు వ్రాస్తే, "చచ్చేక రాజ్యమేలేడంటావా? ఆయ్, మా ఇంట్లో ఇంతకంటే వింతలు జరిగేయి లేవోయ్" అని తరగతినంతా నవ్వించారు. ఒక్క విషయంలో మాత్రం కఠినులు: పూర్తి పేరు పెట్టి పిలిస్తే పలికేవారు కారు.

ఆ పేరు తాతగారిది. కాలువ నీటి తగవులో జ్ఞాతి ప్రాణం తీసినందుకు తెల్లదొరల న్యాయస్థానం ఆ తాతగారికి యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించి అండమానుకు పంపింది. పన్నెండేళ్ళు ఏ కబురూ లేదు. అన్నేళ్ళు జాడ తెలియనివాణ్ణి మృతునిగా ఎంచడం ఆచారం గనుక, దర్భలతో బొమ్మ చేసి దహించి, ఉత్తరక్రియలు జరిపి, ఆయన భార్యకు వైధవ్యం విధించారు. రెండు నెలలకు మనుమడు పుట్టాడు. తాత పేరే పెట్టారు.

తాతగారు నిజంగా మరణించిన తిథిని తెలుసుకొని, ఆనాడు స్వహస్తాలతో తద్దినం పెట్టడం: ఉద్యోగ విరమణానంతరం శాస్త్రిగారి ఆశయం ఇదొక్కటే. "తేదీ తేలకుండా నేను పోకూడదు మాస్టారూ. పోతే అక్కడ ఆయనకి మొహం చూపించలేను" అనేవారు. ఎందుకని అడిగితే మాట మార్చేవారు.

జూలై ఇరవై ఎనిమిదిన, పోర్ట్ బ్లెయిరులో ఉద్యోగం చేస్తున్న పూర్వవిద్యార్థి పంపిన పాత దస్త్రాల జిరాక్సు నకళ్ళు అందాయి. నన్ను పిలిపించారు. మొదటి కాగితంలో మరణ తేదీ ఉంది: దర్భబొమ్మను దహించిన పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలలకు. లెక్కకట్టి, కార్తిక బహుళ ఏకాదశి అన్నాను. ఆయన సంతోషించలేదు. "రెండోది కూడా చదవండి" అన్నారు.

సత్ప్రవర్తన గల ఆ ఖైదీ విడుదల కోరగా, ఇంటికి చేర్చుకుంటారా అని ప్రభుత్వం కుటుంబాన్ని అడిగింది. దానికి వెళ్ళిన ఆంగ్ల ప్రత్యుత్తరమది. "ఆ మనిషికి ఉత్తరక్రియలు జరిగిపోయినవి. ఈ ఇంట ఆ పేరు గలవాడను నేనొక్కడనే." అడుగున అధికారి వ్రాత: ఖైదీకి చదివి వినిపించబడినది. ఆపై ఖైదీ మరే అర్జీ పెట్టలేదు. ఏడాదిన్నరకు మరణించాడు.

"దస్తూరీ గుర్తుపట్టేరా?"

ఇరవై ఏడేళ్ళు ఆ దస్తూరీలోని మార్కుల పట్టికలు సరిచూసినవాణ్ణి. "చిన్నవారండీ అప్పటికి. పెద్దలు రాయమంటే రాసేరు" అన్నాను.

"పదిహేడేళ్ళండీ. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే. 'చచ్చినవాడు తిరిగొస్తే మీ మామ్మకి మళ్ళీ పెళ్ళి చెయ్యాలేమిట్రా' అని మా నాన్నగారు నవ్వేరు. మామ్మ తలుపు చాటున వింటోంది. నేనూ నవ్వేనండీ." కాగితాలు మడిచిపెట్టి, "నేను పోయేక ఇది రాసెయ్యండి. తేదీలతో రాయండి. నన్ను పొగడకండి" అన్నారు.

ఆనాటి నుంచి కార్తికం దాకా బ్రతకాలని మందులు గంట తప్పకుండా వేసుకున్నారు. ఆ తిథికి తొంభై రెండు రోజులు తక్కువ పడ్డాయి. మృతాశౌచం పట్టిన ఆ ఇంట ఈ ఏడు ఆ తద్దినం జరగదు.

చేసిన తప్పును తానే వెతికి పట్టుకొని, దాని ఎదుట నిలబడిన మనిషిని నేను మరొకరిని ఎరుగను; ఎరుగబోను. పొగడవద్దన్నారు గనుక, నమస్కరించి లెక్క మాత్రం చెబుతున్నాను. జీవించి ఉన్న తాతగారికి ఆ ఇంట పెట్టిన తద్దినాలు పంతొమ్మిది. మరణించిన తాతగారికి, మరణించిన తిథిన పెట్టినది ఒక్కటీ లేదు.