తోసి చూసే అచ్యుతరామయ్య గారు

ఏదైనా నిలబడి ఉంటే చూసి ఊరుకోవడం అచ్యుతరామయ్య గారికి చేతకాదు. వెళ్ళి ఒక తోపు తోసి, అది సర్దుకుని మళ్ళీ నిలబడుతుందో లేదో తేల్చుకుంటే గాని ఆయనకు అన్నం సయించదు.

మద్దిలపాలెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన రోబోలకు నిలకడ నేర్పే ప్రొఫెసరు. నాది పక్క గది. పిల్లలు నానా తంటాలూ పడి రెండుకాళ్ళ రోబోని నడిపించి చప్పట్లు కొట్టేలోపే ఈయన దాని భుజం మీద ఒక్కటి వేసేవారు. పడితే, “కంట్రోలర్ ప్రోగ్రాం మళ్ళీ రాయండమ్మా” అనేవారు. పడకపోతే ఇంకాస్త గట్టిగా వేసేవారు.

బీరువా కొనడానికి ద్వారకా నగర్ వెళ్ళి, షాపులో ఉన్న బీరువాలన్నీ వరసగా తోశారు.

“ఏటి బాబూ, కొనడానికొచ్చారా, కుస్తీకొచ్చారా?” అన్నాడు షాపువాడు.

“మా ఆవిడ తలుపు విసురుగా లాగుద్దండి. అప్పుడు మీరొచ్చి పట్టుకుంటారేంటండి?”

ఆయన దగ్గర అనూరాధ పీహెచ్‌డీ చేసేది. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. పడవ ఎంత ఊగినా తొణకని రోబో చెయ్యి తయారుచేసింది. బుర్ర పాదరసం, మాటే పిరికి. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఇక నోరు పెగలదు. ఒక సెమినార్‌లో ఎవరో ప్రశ్న వేస్తే సగంలోనే దిగి వెళ్ళిపోయింది. వైవాలోనూ అలాగే జరిగితే ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

అది తెలిసి కూడా ఈయన రిహార్సల్లో తోపులు మొదలుపెట్టారు. “ఈ సమీకరణం ప్రకారం...” అని ఆమె అనగానే, “సింహాచలం బస్సు వెళ్ళిపోయుంటుందంటావా?” అనేవారు. ఒక పూట కావాలని కుర్చీ పడేశారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు చూసి నాకు ఒళ్ళు మండింది.

“అది రోబో కాదండీ, మనిషి,” అన్నాను.

“అందుకే మెల్లిగా తోస్తున్నానండి.”

వైవా రోజు, బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆదిలోనే అడ్డు తగిలాడు. “ఇదంతా ఎందుకు? పాత పద్ధతి చాలదా?”

అనూరాధ ఆగిపోయింది. ఆమె మంచినీళ్ళు తాగి, “సెప్తాను సార్. ముందు ఈ మాట పూర్తి సెయ్యనివ్వండి,” అంది. పూర్తి చేసింది, జవాబూ చెప్పింది. ఆనక కరెంటు పోతే, “పర్లేదు సార్, బోర్డు మీద గీస్తాను,” అంది.

ఫలితం కోసం బయట నిలబడి ఉన్నప్పుడు అడిగాను, “మీ సార్ మీద కోపం లేదా అమ్మా?”

“కోపవేటి సార్. రోజూ అడ్డొచ్చీవోరు, నిజివే. కానీ మళ్ళీ నాను అందుకునీదాకా ఒక్క మాట అనకుండా కూర్సునీవోరు. నాకోసం అంతసేపు ఎవరూ ఆగలేదు.”

పట్టా ఖాయమైంది. గైడ్‌గారిని నాలుగు మాటలు చెప్పమన్నారు. అచ్యుతరామయ్య గారు లేచి, “మా అనూరాధ...” అని మొదలుపెట్టారు.

“సార్, మీ సొక్కా బొత్తాం ఊడిపోనాది,” అంది అనూరాధ ముందు వరసలోంచి.

ఆయన చూసుకున్నారు. బొత్తాలన్నీ ఉన్నాయి. మాటే పోయింది. మళ్ళీ “మా అనూరాధ...” అని, కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. హాలంతా నవ్వులు. ఆ పిల్ల మాత్రం చేతులు కట్టుకుని, ఏ తొందరా లేకుండా, ఆయన అందుకునేదాకా ఆగింది.