మలుపుకు బయటి వైపు

“...ఊరోళ్లకు చెప్పినట్టు నాకు చెప్పకు బిడ్డా. గీ దుకాణం నాది, గీ అరుగు నాది, బండి నడిపేటోడు నా మేనల్లుడు. నేనెందుకు లేస్త?”

“అరుగు మీదే మామా. బండి జారితే అరుగు ఎవరిదని అడిగి జారదు.”

“జారుతది, జారుతది. పొద్దటి సంది గదే మాట. ఒక్క మంచి మాట అనవు గద.”

వామన్‌రావు వాచీల దుకాణం అబిడ్స్‌లో ఉంది, నాంపల్లి స్టేషన్ నుంచి వచ్చే రోడ్డు బషీర్‌బాగ్ వైపు తిరిగే చోట. అది 1968, నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్, ముగిసిన తర్వాతి ఆదివారం. ఆ పొద్దున కార్ల ర్యాలీ. నాంపల్లిలో జెండా ఊపగానే బండ్లు ఒక్కొక్కటే బయల్దేరి, ఈ మలుపు తిరిగి, బషీర్‌బాగ్ దాకా వేగం మీద పోటీ పడతాయి. అక్కడి నుంచి బెజవాడ రోడ్డు. మలుపు దగ్గర జనాన్ని చూసుకునే బాధ్యత అహల్యది. దుకాణం అరుగు మలుపుకు సరిగ్గా బయటి వైపు. దాని మీద రెండు వరసల కుర్చీలు వేయించి, చుట్టాలనూ స్నేహితులనూ కూర్చోబెట్టి, ముందు కుర్చీలో తాను కూర్చున్నాడు వామన్‌రావు. ఒడిలో మేనల్లుడి బండికి వేయడానికి బంతిపూల దండ. పక్కన పళ్లెంలో కొబ్బరికాయ, కుంకుమ.

అహల్య నాంపల్లిలో ఆడపిల్లల హైస్కూలు డ్రిల్ టీచరు. తండ్రి పోయేనాటికి ఆమెది ఫ్రాకులు తొడిగే వయసు, తమ్ముడు శ్యామ్‌సుందర్ ఇంకా చంకలో ఉన్నాడు. మేనమామ వామన్‌రావు ఇద్దరినీ గౌలిగూడలోని తన ఇంటికి తెచ్చి పెంచాడు. ఆడపిల్లకు సైకిలెందుకని ఇంట్లో అంటుంటే తానే వెంటబెట్టుకుపోయి కొనిచ్చాడు. ఆమె డ్రిల్ ట్రైనింగుకు పోతానన్నప్పుడు, ఈలలు ఊదుడు గూడ ఒక నౌకరీయేనా అని చుట్టాలు నవ్వారు. “ఆ ఈలకు మీరంతా లేచి నిలబడే రోజొస్తది” అన్నాడాయన.

ఆ రోజు నిజంగానే వచ్చింది. ఏటా నుమాయిష్‌లో వాలంటీర్లను నడిపేది అహల్యే. గేటు దగ్గర తోపులాట ఎక్కడ మొదలవుతుందో దూరం నుంచే పసిగట్టేది. ముందున్నవాళ్లను తిట్టి లాభం లేదని, వెనక ఉన్నవాళ్లకు ఏమీ కనబడకపోతేనే తోస్తారని ఆమెకు తెలుసు. జరగండి అని ఎప్పుడూ అనదు. ఎక్కడికి పోవాలో చెబుతుంది. అక్కడ చూడడానికి ఏదో ఒకటి ఉండేలా చేస్తుంది. ర్యాలీ నడిపే మోటారు క్లబ్బువాళ్లు అది చూసే ఆమె దగ్గరికి వచ్చారు. ఆమె ఒక్క షరతు పెట్టింది. మలుపు తెరవాలా వద్దా అనేది తన మాట, ఇంకెవరిదీ కాదు. తెరవకపోతే ఊళ్లో పోటీ ఉండదు, బండ్లు మామూలుగా, మెల్లగా పోయి బెజవాడ రోడ్డెక్కాలి. క్లబ్బు సెక్రెటరీ ఒప్పుకున్నాడు.

ఆ షరతు బరువు తన తమ్ముడి మీదే ఎక్కువగా పడుతుందని ఆమెకు అప్పుడే తెలుసు. శ్యామ్‌సుందర్‌ది పాత మోరిస్ మైనర్. పెద్ద రోడ్డు మీద అంబాసిడర్లను అందుకోలేదు. మలుపుల్లో మాత్రం చేపలా తిరుగుతుంది. అతను గెలిస్తే ఊళ్లోనే గెలవాలి. రెండేళ్లుగా ఆ ఒక్క పోటీ కోసమే బండికి మరమ్మతులు చేసుకుంటున్నాడు. క్లబ్బువాళ్లు ఈసారి అతనికి మొదటి నంబరు ఇచ్చారు.

కిందటి ఆదివారం ఎవరూ లేనప్పుడు అహల్య మలుపు బయటి అంచున ఖాళీ కిరోసిన్ డబ్బాలు వరసగా పెట్టి తమ్ముణ్ణి తిప్పమంది. అతను చక్కగానే తిప్పాడు. చివరలో బండి వెనక భాగం ఒక్కసారి బయటికి ఊగింది. రెండు డబ్బాలు ఎగిరిపోయి దుకాణం షట్టరుకు తగిలాయి. వామన్‌రావు నవ్వి, “డబ్బాలే గద” అన్నాడు. శ్యామ్ నవ్వలేదు.

ఈ ఆదివారం పొద్దున్నే వచ్చి ఆమె పని మొదలుపెట్టింది. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మేవాళ్లకు ముందే మాట్లాడి పక్క సందులో జాగా ఇప్పించింది. వాళ్లలో పెద్దవాడు రామచందర్ సంచులు దింపుకుంటూ, “గీడ నీడ గూడ ఉన్నది, ఏటా ర్యాలీ పెట్టుండ్రి టీచరమ్మా” అన్నాడు. చూడవచ్చిన జనాన్ని మలుపుకు లోపలి వైపు, మూసి ఉన్న బట్టల దుకాణాల మెట్ల మీదికి ఎక్కించింది. పొట్టివాళ్లు కింది మెట్లు, పొడుగువాళ్లు పైమెట్లు. బయటి వైపు తాడు కట్టి, దాని వెనక ఎవరినీ ఉండనివ్వలేదు. అంతా కుదిరింది అనుకున్నాక మామ కుర్చీలు వేయించాడు.

“దండ నేనే కట్టిన టీచరమ్మా” అంది పూలమ్మ. ఆమె ఆ అరుగు కిందే పూలు అమ్ముతుంది. “గట్టి దారం. బండి గుంజినా తెగదు.”

“దండ సంగతి సరే పూలమ్మా. పట్టుకున్న చేతి సంగతి చెప్పు.”

పూలమ్మ ఒకసారి రోడ్డు వైపు చూసి, బుట్ట ఎత్తుకుని మెట్ల వైపు దాటిపోయింది.

“ఎన్ని పెండ్లి బరాత్‌లకు ఎదురుపోయి దండలేసినం” అన్నాడు వామన్‌రావు. “ఎన్ని కాయలు కొట్టినం. ఎవనికన్న ఏమన్న అయిందా?”

“బరాత్ గుర్రం ఆగుతది మామా. గీ బండి ఆగితే వాడు ఓడిపోతడు. ఆగకపోతే మీకు తగుల్తది.”

“ఆగమంటున్ననా? జర స్లో చేస్తడు, నా మొఖం చూసి.”

“గదే నా ఫికర్. మీ మొఖం చూస్తడు, రోడ్డు చూడడు.”

కుర్చీల్లో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు.

“మీ మేడ మీదికి పోండి” అంది అహల్య. “రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడుతది. కుర్చీలు నేనే మోస్త.”

“మేడ మీది నుంచి బొట్టు పెడుతరా ఎవరన్న? వానికి తండ్రి లేడు. గీ పొద్దు ఎదురుగ నిలబడేది నేనే.”

 అహల్య వంగి పళ్లెంలోని కుంకుమ గాలికి పోకుండా దాని మీద తమలపాకు కప్పింది.

“సాయంత్రం వాడు తిరిగొస్తడు” అంది. “నిలబడ్డ బండికి బొట్టు పెడుదురు. నేను గూడ ఉంట.”

“ముందుగాల బొట్టు లేక ఓడితే, ఓడినంక పెట్టే బొట్టు నాకొద్దు.”

యేసుదానం గబగబా వచ్చాడు. మిషన్ స్కూలు డ్రిల్ మాస్టరు, తాడు దగ్గర వాలంటీర్లు అతని కిందే ఉన్నారు. “మేడం, జనం మెట్లు దిగి, తాడు కింద నుంచి దూరి ఇటు వస్తున్నరు. టీచరమ్మ సొంతోళ్లు కూసుంటే మాకేమైంది అంటున్నరు. వాళ్లకు ఏం చెప్పమంటరు?”

అహల్య ఈల ఊదింది. దాటినవాళ్లలో కొందరు ఆగి వెనక్కి తిరిగారు. మిగతావాళ్లు ఆగి అరుగు వైపు చూశారు. వామన్‌రావు కదలలేదు. వాళ్లూ కదలలేదు. తాడు వెనక మరో వరస నిండుతోంది. అందరికంటే ముందు ఒకామె పిల్లను భుజాల మీద ఎక్కించుకుని నిలబడింది.

“మామా, చివరిసారి అడుగుతున్న.”

“అడుగు. నేను గీడనే ఉంట.”

లోపల ఫోను మోగింది. ర్యాలీ కోసం వామన్‌రావే సంతోషంగా ఇచ్చిన ఫోను అది. అహల్య కుర్చీల మధ్య నుంచి లోపలికి నడిచి, వాచీల అద్దాల పెట్టె మీది రిసీవరు తీసింది.

“నాంపల్లి నుంచి” అంది అవతలి గొంతు. “ఒకటో నంబరు బండి గీత మీద ఉంది. మీ మలుపు తయారేనా మేడం?”

బయట కుర్చీలోంచి వామన్‌రావు వెనక్కి తిరగకుండానే అన్నాడు: “తయారని చెప్పు. వాడు నీ తమ్ముడు.”

అహల్య రిసీవరు చెవికి దగ్గరగా పెట్టుకుంది.

“అబిడ్స్ మలుపు నుంచి అహల్య. ఈ పొద్దు మలుపు తెరుస్తలేను. పోటీ లేదు. బండ్లను మెల్లగ నడిపించి బెజవాడ రోడ్డుకు పంపుండ్రి. మొదటి బండిని గూడ.”