పై మెట్టు మీది మనిషి

నిరుడు ఎండాకాలం, ఒక ఆదివారం పొద్దుటి ఆటలో, శంషాబాద్‌లో నేను పనిచేసే థియేటర్లో ఒక సినిమాను పైనా కిందా నరికి చూపించాను. పొరపాటున కాదు, తెలిసే చేశాను. ఆట అయ్యాక ఒక పెద్దావిడ వచ్చి అడిగితే, నరికింది నేనేనని చెప్పకుండా, ఆమే పొరబడిందని ఆమె మనవడి ముందు, మనవరాలి ముందు అన్నాను. మొదటి తప్పు కన్నా ఇది పెద్దది.

నేను ప్రొజెక్టర్ ఆపరేటర్ని. రీలు పెట్టెలు బస్సు మీద వచ్చే రోజుల్లో పని నేర్చుకున్నాను. ఇప్పుడు రీళ్ళు లేవు. సినిమా హార్డ్‌డిస్కులో వస్తుంది. దాన్ని సర్వర్లోకి ఎక్కిస్తాం. డిస్ట్రిబ్యూటర్ దానికొక ‘కీ’ పంపుతాడు. కీ అంటే తాళంచెవి లాంటి ఫైలు. అందులో రాసి ఉన్న గడువు వరకే సినిమా ఆడుతుంది, గడువు దాటితే మూతపడుతుంది. పని చాలా తేలికైపోయింది. తేలికైన కొద్దీ నాకు నిర్లక్ష్యం పెరిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి మా ప్రేక్షకుల్లో డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు ఎక్కువ. క్యాబ్ డ్రైవర్లు, సామాన్లు ఎక్కించేవాళ్ళు, కౌంటర్లలో పనిచేసే పిల్లలు. ఆదివారం పొద్దుటి ఆటకు మాత్రం హాలు బోసిగా ఉండేది. అందుకే మా యజమాని యాదగిరి సార్ ఆ ఆటను పాత సినిమాలకిచ్చి, ‘ఒక్కసారైనా చూడాల్సిన సినిమాలు’ అని బయట ఫ్లెక్సీ కట్టించాడు. పెద్దవాళ్ళు జ్ఞాపకాల కోసం వచ్చేవారు. కుర్రవాళ్ళు, వీటిలో అంత గొప్పేముందో చూద్దామని వచ్చేవారు.

పాత సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. ఇప్పటి బొమ్మ అడ్డంగా సాగి ఉంటుంది. ఆ చదరంలో దర్శకులు ఎత్తును వాడుకునేవారు. మెట్లు, బురుజులు, పైనుంచి వేలాడే దీపాలు, ఒకరి వెనక ఒకరుగా పైకి లేచే మనుషులు. అలాంటి బొమ్మను వెడల్పాటి తెర మీద వేసినప్పుడు, అటూ ఇటూ మిగిలే తెల్ల జాగాను నల్ల గుడ్డలతో మూయాలి. దాన్ని మాస్కింగ్ అంటాం. మా థియేటర్లో ఆ గుడ్డల్ని ఎలుకలు కొట్టేసి ఏళ్ళయింది. కొత్త సినిమాలకు వాటితో పని లేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు. అందుకని పాత సినిమా వేస్తే, పెద్ద గోడకు క్యాలెండర్ తగిలించినట్టు ఉండేది.

ఆ రోజు వేసింది నలుపు తెలుపుల జానపదం. టైటిల్స్ పడగానే బాల్కనీలోంచి కేక వినబడింది.

“ఓ అన్నా! సగం తెరనే ఏస్తున్నవేంది?”

“మిగిలింది ఇంటర్వెల్ అయినంక ఇస్తడట తియ్!”

హాలంతా నవ్వింది. కిందనుంచి యాదగిరి సార్ ఫోన్ చేశాడు. “సత్తయ్యా, గా జూమ్ జర పెంచరాదు. పరేషాన్ చేస్తున్నరు.”

జూమ్ పెంచితే బొమ్మ పక్కలకు నిండుతుంది. కానీ పైనా కిందా తెర దాటిపోతుంది. నాకు తెలుసు. అయినా బటన్ నొక్కాను. బొమ్మ తెర నిండా పరుచుకుంది. చప్పట్లు కొట్టారు. నుదుళ్ళు పోయాయి, కిరీటాలు పోయాయి, పాదాలు పోయాయి. ఎవరికి తెలుస్తుందిలే అనుకుని టీ తాగుతూ కూర్చున్నాను.

ఆట వదిలాక వరండాలో ఒక పెద్దావిడ నా కోసం అడుగుతూ నిలబడి ఉంది. తెల్ల నేత చీర, చేతిలో చిన్న సంచి. పక్కన ఎయిర్‌పోర్టు కౌంటర్లో పనిచేసే మనవరాలు షారోను, ఆ అమ్మాయి తమ్ముడు పాల్.

“మిషన్ నడిపేది నువ్వేనా బిడ్డా?”

“నేనేనమ్మా.”

“రాజు కొలువుల మెట్ల పాట ఉంది కద. అండ్ల అందరి కంటె పై మెట్టు మీద, ఈ కొసకు నిలబడ్డది నేను. ఇయ్యాల నేను రాలే. ఎందుకు రాలే?”

పాల్ నవ్వాడు. “వచ్చినవ్ కద నానమ్మా. కాళ్ళు వచ్చినయ్. మస్తు యాక్టింగ్ చేసినయ్ నీ కాళ్ళు!”

“ఊకో రా,” అంది షారోను. కానీ ఆ పిల్లా నవ్వు ఆపుకుంటోంది.

“ఫోన్ల చూపిస్తె గూడ గిట్లనే కాళ్ళే వచ్చినయ్ బిడ్డా. పెద్ద తెర మీద చూడుండ్రి, కనబడ్త అని వీళ్ళకు మాటిచ్చిన. గగన్‌పహాడ్ నుంచి వచ్చినం, చర్చిల ఆరాధన ఇడిసిపెట్టి. ఇన్నేండ్లల్ల ఒక్క ఆదివారం ఇడిసిపెట్టలే నేను.”

ఆమె అడిగిన పాట నాకు గుర్తుంది. మెట్ల మీద మూడు వరుసల అమ్మాయిలు. నేను చూపించినదాంట్లో పై వరుసకు మోకాళ్ళ దాకానే ఉంది. ఆ మాట చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ యాదగిరి సార్ పక్కనే ఉన్నాడు. ఇంకో నలుగురు వింటున్నారు.

“గుంపు డాన్సు కదమ్మా,” అన్నాను. “అంత ఎనక నిలబడ్డోళ్ళు కెమెరాల పడరు. మీరు వేరే పాట అనుకుంటున్నరేమో.”

ఆమె నా ముఖంలోకి చూసింది. “అట్లనా,” అంది. మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. పాల్ ఈసారి నవ్వలేదు. కానీ వాడి ముఖంలో ఒక తీర్మానం కనబడింది. నానమ్మది ఉత్త ముచ్చటే అని.

కేబిన్‌లోకి వెళ్ళాను. కీ గడువు సాయంత్రం దాకా ఉంది. కింద ఊడుస్తున్నారు. ఖాళీ హాల్లో జూమ్ తగ్గించి, ఆ పాట దగ్గరికి జరిపి వేశాను.

బొమ్మ పూర్తిగా వచ్చేసరికి ఆ పాట వేరే పాటైపోయింది. కింద రాణి, మధ్యలో చామరాలు, పైన ఆకాశానికి ఆనినట్టు చివరి మెట్టు, దాని మీద దీపాల పళ్ళేలు పట్టుకున్న అమ్మాయిలు. ఆ దీపాల కోసమే ఆ మెట్లు కట్టారని అప్పుడు తెలిసింది. కుడి కొసన బక్కపలచని అమ్మాయి. అదే గడ్డం, అవే కళ్ళు. అందరూ ఒక్కసారి తిరిగే చోట ఆమె ఒక్కతే కాస్త ఆలస్యంగా తిరిగి, తన తప్పుకు తనే నవ్వుకుంటుంది. రాణి ముఖం కన్నా ఆ నవ్వే బాగుంది.

మర్నాడు గగన్‌పహాడ్ వెళ్ళి, చర్చి దగ్గర పాస్టరు గారిని అడిగి ఇల్లు పట్టుకున్నాను. ఆమె పేరు సుగుణమ్మ. గడపలో కూర్చుని గోంగూర తెంపుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

“అమ్మా, మీరు పొరబడలే. మీరు అండ్ల ఉన్నరు. నేనే కోసేసిన. తెలిసి గూడ అబద్ధం చెప్పిన.”

“నేను అండ్ల ఉన్నట్టు నాకు తెల్వదా బిడ్డా? నాకెందుకు చెప్తున్నవ్?”

నేను గడప పక్కన కూర్చున్నాను. ఆమే చెప్పుకొచ్చింది. వాళ్ళ మేనమామ మద్రాసు స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగి. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు ఆయన ఇంట్లో ఉండి, గుంపు డాన్సుల్లో నిలబడింది. ఆ మెట్లు కూడా మేనమామ చేతి పనే. పెళ్ళయ్యాక భర్త, ఆ సంగతి చర్చి సంఘంలో చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. ఆయన పోయిన తర్వాత, ఒకరోజు కరెంటు లేనప్పుడు పిల్లలకు చెప్పింది.

“చెప్పకపోతె మంచిగుండు. అప్పట్నుంచి ఏ ముచ్చట చెప్పినా, నీ సినిమా లెక్కనేనా నానమ్మా అంటరు. వాళ్ళ తాత మంచితనం చెప్పినా గంతే. నా మాటకు ఇలువ లేకుంట పోయింది.”

ఆ మాటతో నేనేం కోశానో నాకు పూర్తిగా అర్థమైంది. ఆమె లోపలికి చూసి, “పాల్! ఇటు రా. ఈయన నీకేదో చెప్తడట,” అని పిలిచింది.

ఆ కుర్రాడి ముందు మళ్ళీ అదంతా చెప్పాను. ఆమె ముందు చెప్పడం కన్నా అది కష్టమైంది.

“అయితే మళ్ళా ఎయ్యన్నా,” అన్నాడు వాడు. “కొయ్యకుంట.”

“పొద్దుగాల ఆట కాదు,” అంది సుగుణమ్మ. “ఆరాధన అయినంక.”

యాదగిరి సార్ మొదట ఒప్పుకోలేదు. “మళ్ళా గా డబ్బా బొమ్మ ఏస్తె లొల్లి చేస్తరు సత్తయ్యా. నువ్వే చూసినవ్ కద.” వరండాలో నేనన్నది అబద్ధమని ఆయనకు చెప్పాను. “డిస్ట్రిబ్యూటర్ కాడ ఇంకో కీ తెప్పిస్త. కానీ జనం లేచి పోయిన్రనుకో, ఈ పాత సినిమాల ముచ్చట ఈడికే బందు,” అన్నాడు.

మాస్కింగ్ బాధ్యత నేను తీసుకున్నాను. మొదట తెచ్చిన నల్ల గుడ్డ మెరిసింది. వెలుగు పడితే అదే ఇంకో తెరలా కనబడింది. దాన్ని వాపసిచ్చి, వెలుగును మింగేసే మందపాటి మఖ్మల్ తెచ్చాను. పైపులకు కప్పీలు బిగించి, తాడుతో లాగితే జరిగేలా కట్టాను. బొమ్మ అంచుకు సరిగ్గా గుడ్డ అంచు ఆనిన క్షణం నాకే ఆశ్చర్యమేసింది. బొమ్మ కొలత అంతే. కానీ చుట్టూ నలుపు చేరగానే చిన్నదన్న భావన పోయింది. నిండుగా, ఒక ద్వారంలోంచి లోపలికి చూస్తున్నట్టు ఉంది. వెలితి బొమ్మలో ఎప్పుడూ లేదు, నేను వదిలేసిన తెల్లదనంలో ఉంది. రీళ్ళ కాలంలో మా గురువు చెప్పినప్పుడు తలూపిన సంగతే ఇది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆటకు నేననుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. ఆరాధన నుంచి నేరుగా వచ్చినవాళ్ళు రెండు వరుసలు నింపారు, బైబిలు సంచులతో సహా. పాస్టరు గారూ వచ్చారు. కిందటి ఆటకు కేకలు వేసిన కుర్రవాళ్ళు బాల్కనీలో కనబడ్డారు. నేను మైకు పట్టుకుని తెర ముందుకొచ్చాను. పుట్టి బుద్ధెరిగి మైకులో మాట్లాడలేదు.

“పోయినసారి ఈ సినిమాను నేను నిండుగ చూపెట్టిన అనుకున్నరు. నిండుగ కాదు, నరికి చూపెట్టిన. మెట్ల పాటల పై వరుసంత పోయింది. ఆ వరుసల ఉన్న మనిషి వచ్చి అడిగితె, మీరు లేరమ్మా అని అబద్ధం చెప్పిన. ఆమె ఈడనే ఉన్నరు. ఇయ్యాల బొమ్మ ఎంత తీసిన్రో అంత చూపెడ్త. తప్పు నాది, మాఫ్ చేయుండ్రి.”

పాస్టరు గారు తన సీట్లోంచే గట్టిగా అన్నారు, “ఒప్పుకున్నవ్ కద సత్తయ్యా. ఇగ సినిమా ఎయ్యి!”

హాలంతా నవ్వింది. నేను కేబిన్‌కు పరుగెత్తాను.

సగం తెర అని ఎవరూ కేక వెయ్యలేదు. బురుజు మీదినుంచి దూకే చోట, కిందటిసారి నవ్విన కుర్రవాళ్ళు ఈల వేశారు. ఈసారి ఎత్తు కనబడింది మరి. మెట్ల పాట వచ్చింది. రాణి, చామరాలు, ఆపైన దీపాలు. అందరూ తిరిగారు. కుడి కొసన ఒక అమ్మాయి ఆలస్యంగా తిరిగి నవ్వుకుంది.

“అగో! మా నానమ్మ!” పాల్ సీటెక్కి నిలబడ్డాడు. “అగో, నవ్వుతుంది సూడుండ్రి! మా నానమ్మ!”

షారోను ఏడుస్తూ నవ్వుతోంది. సంఘం రెండు వరుసలూ లేచాయి. బాల్కనీలోంచి ఈలలు, కాగితం ముక్కలు. పాట ముగుస్తుండగా ఎవరో “వన్స్ మోర్!” అన్నారు. తర్వాత హాలంతా అదే మాట.

ఆడుతున్న సినిమాను మధ్యలో ఆపకూడదన్నది మా పనిలో మొదటి నియమం. ఆపాను. పాట మొదటికి జరిపి మళ్ళీ వేశాను. అద్దంలోంచి కింద యాదగిరి సార్ కనబడ్డాడు. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాడు. రెండోసారి సుగుణమ్మ కూడా లేచి నిలబడింది. తెర మీది అమ్మాయి తిరగాల్సిన చోట ఈసారి హాలు మొత్తం ఊపిరి బిగబట్టి చూసింది. ఆమె ఆలస్యంగా తిరగగానే అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎగతాళి కాదు, సొంత ఇంటి పిల్లను చూసి నవ్వే నవ్వు.

ఆట అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. పాల్ ఆమె సంచి పట్టుకున్నాడు. “నానమ్మా, ఆ పళ్ళెం నిజంగ ఇత్తడిదా? రాణి నీతోని మాట్లాడెడిదా?” అని ఒకటే ప్రశ్నలు. ఆమె వాణ్ణి ఆగమన్నట్టు చెయ్యి చూపి, నాతో అంది.

“నా పక్కకున్న పిల్ల పేరు కాంతం. ఆమె సుత మంచిగ కనబడ్డది బిడ్డా. ఏడున్నదో. మనుమలకు చెప్పుకున్నదో లేదో.”

ఒక్కసారైనా చూడాల్సిన సినిమా అని అందరం అంటాం. చూసేవాళ్ళు ఎలాగూ వస్తారు. ఉన్నదంతా చూపించడం మావంటివాళ్ళ వంతు. మా మాస్కింగ్ గుడ్డలు ఇప్పుడు ప్రతి పాత సినిమాకూ జరుగుతాయి. అంతటితో సరిపోదనిపించింది. అందుకే ఆ సినిమా ఎక్కడ వేస్తున్నారని తెలిసినా అక్కడి ఆపరేటర్‌కు ఫోన్ చేస్తాను. కొత్తూరులో ఉన్నతను మొదట విసుక్కున్నాడు. “జనం తెర నిండాలంటరన్నా. ఎవరు సూస్తరు పైన ఏమున్నదో?”

“పై మెట్టు మీద మనుషులున్నరు తమ్మీ,” అన్నాను. “కాంతం మనుమలు నీ హాల్లనే కూసోని ఉండొచ్చు.”