కంటి బండిలో మా వేసవులు

పోయిన ఆదివారం ఏర్పేడు దగ్గర టిఫినుకు ఆగితే, హోటలు ముందు తెల్లగా మెరిసిపోతూ బస్సంత బండి ఒకటి నిలబడి ఉంది. లోపల మంచాలు, వంటగట్టు, ఏసీ, టీవీ. నేను తొంగి చూస్తుంటే డ్రైవరు నవ్వి, "ఇల్లు మాదిరే ఉండాది కదమ్మా, యాడికి పోతే ఆడ ఇల్లు" అన్నాడు. "మాకూ ఉండింది నాయనా, ఇట్లాంటిదొకటి" అన్నాను. అతను నమ్మినట్టు లేదు. అందులో అతని తప్పేమీ లేదు. మా బండిని కళ్ళారా చూసినవాళ్ళే అది ఇల్లంటే నమ్మేవాళ్ళు కాదు.

ఆ బండి మా చిన్నాయనది, అంటే మా నాయన తమ్ముడిది. తిరుపతిలో బస్సుల డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన ఏడాదే, పల్లెల్లో తిరుగుతూ కంటి పరీక్షలు చేసిన పాత వ్యాను ఒకటి వేలంలో తెచ్చుకున్నాడు. ఆరు నెలలు దాని కిందే వెల్లకిలా పడుకుని, అందులో రెండు మడత మంచాలు, గ్యాసు పొయ్యి, పైన నీళ్ళ ట్యాంకు బిగించాడు. అన్నీ కుదిరాయి గానీ, బండి పక్కన గీసి ఉన్న పెద్ద కన్ను మాత్రం పోలేదు. ఎన్ని పూతలు పూసినా ఎండలు ముదిరేసరికి రంగులోంచి మెల్లగా తేలి లోకాన్ని చూసేది. దాంతో మేము ఏ ఊరి దగ్గర ఆగినా ముసలివాళ్ళు వచ్చి వరసగా కూర్చునేవాళ్ళు. "డాక్టరు యాడమ్మా?" అని అడిగితే మా చిన్నమ్మ ఏం చెప్పాలో తెలియక తలా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపేది. లోపల అక్షరాల అట్ట కూడా అలాగే వేలాడుతుండేది. ఒక పెద్దాయన మజ్జిగ తాగి, అట్ట మీద మూడు వరసలు గడగడా చదివి, తన చూపు బాగుందని తానే తేల్చుకుని లేచి వెళ్ళిపోయాడు.

బంధువులందరికీ ఆ బండి ఒక వేళాకోళం. "ఇల్లు పెట్టుకోని అడివిలో పండుకుంటారా ఎవరన్నా?" అనేది మా మేనత్త. మా ఆయనకు అడవి అంటే దోమలు, అంతే. అందుకని ఏటా మే నెలలో, నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు ఇవ్వగానే, ముగ్గురమే బయలుదేరేవాళ్ళం. భాకరాపేట ఘాటు దాటి, అడవి అంచున బండ్లు నిలుపుకోనిచ్చే చోట నాలుగైదు రోజులు మకాం. ఎండిన ఆకుల మీద ఉడుత నడిచినా మనిషెవరో వస్తున్నట్టు చప్పుడయ్యేది. కాగిన డీజిలు వాసనా, అడవిమల్లె వాసనా కలిసి వచ్చేవి. ఆ రెండూ విడివిడిగా తగిలితే నాకిప్పటికీ ఏదో తక్కువైనట్టే ఉంటుంది. చిన్నమ్మ కెలికిన రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మడత మంచం మీద కూర్చుని తింటుంటే చిన్నాయన కిటికీ అద్దం తుడుస్తూ, "యా రాజుకుండాది పాపా ఈ భోగం!" అనేవాడు. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. ఆయనకు నేనెప్పుడూ పాపనే.

బండికి ఒక జబ్బు ఉండేది. తాళం తిప్పితే లేచేది కాదు. వాలు మీద నిలిపి, బ్రేకు వదిలి, నాలుగు బారలు దొర్లాక గేరు వేస్తే దగ్గి దగ్గి లేచేది. పదిహేనేళ్ళ కిందటి ఆ వేసవిలో, సన్నగా నీళ్ళు పారే వంకకు పైనున్న మిట్ట మీద నిలిపాం. మధ్యాహ్నం కింద వంక ఒడ్డున, నాయుడుపేట వైపు నుంచి వచ్చిన కుటుంబమొకటి పెద్ద మద్దిచెట్టు కింద పొయ్యి వెలిగించింది. కొండకు పోయి తలనీలాలిచ్చి, అడవి చూసిపోదామని ఇటు వచ్చినవాళ్ళు. వాళ్ళను దించిన జీపు సాయంత్రానికి గానీ తిరిగి రాదు. పదకొండు మంది, అందరివీ నున్నటి గుండ్లే. చెట్టు మీద తేనెపట్లున్నాయని వాళ్ళు చూసుకోలేదు. పొగ పైకి పోయింది. కాసేపటికి కేకలు వినిపించాయి.

మేము అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చుంటే మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. చిన్నాయన మాత్రం దుప్పటి కప్పుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. చిన్నమ్మ ఆయన భుజం పట్టుకుంది.

"ఏమయ్యా, కిందికి దొర్లినాక ఇది లేయకపోతే?"

"లేయకపోతే ఆడనే ఉందాం. అద్దాలుండాయి కదా మనకి. వాళ్ళకేముండాది? పాపా, నువ్వు తలుపు కాడ నిలబడు."

బండి దొర్లింది, దగ్గింది, లేచింది. వాళ్ళ మధ్యకే తీసుకుపోయి ఆపాడు. నేను తలుపు తెరిచి చేతికందినవాళ్ళను అందినట్టు లోపలికి లాగాను. అందరూ ఎక్కారు, ఒక అవ్వ తప్ప. ఆమె ఐదేళ్ళ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, పైన కొంగు కప్పి, బండరాయిలా కదలకుండా కూర్చుని ఉంది. చిన్నాయన దిగాడు. తన దుప్పటి తీసి వాళ్ళిద్దరి మీదా వేసి, ఇద్దరినీ కలిపి ఎత్తుకుని వచ్చాడు. తలుపు వేసేసరికి ఇంజను ఆగిపోయింది.

ఆ తరువాతి పావుగంట నాకు బాగా గుర్తు. మూసిన అద్దాల వెనక పద్నాలుగు మందిమి, చెమట, ఏడుపులు, అద్దాల మీద వడగళ్ళలా టపటపా తేనెటీగలు. చిన్నమ్మ ట్యాంకు నీళ్ళతో తువ్వాళ్ళు తడిపి ఇస్తూ, గుండ్ల మీది ముళ్ళను గోటితో గీకి తీస్తూ, "ఏం కాదమ్మా, ఏం కాదు" అంటూనే ఉంది. చిన్నాయన కిటికీలోంచి నేలనే చూస్తున్నాడు. చివరికి, "ఇంగా నాలుగు బారల వాలు ఉండాది. సాలు" అన్నాడు. బ్రేకు వదిలాడు. వంక నీళ్ళు ముందు చక్రాలను తాకుతుండగా ఇంజను లేచింది. అవ్వ పెద్దగా గోవిందా అంది.

రోడ్డెక్కేసరికి ఆయన మొహం ఉబ్బిపోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, రెండోది సన్నటి గీత అయింది. ఆపమన్నాను. "ఆపితే మళ్ళీ లేయదు పాపా. నువ్వు దోవ సెప్పు" అన్నాడు. పక్కన కూర్చుని, ఎడమకు చిన్నాయనా, గుంత చిన్నాయనా, ఎద్దులబండి చిన్నాయనా అంటూ, నడక వేగంతో భాకరాపేట ఆసుపత్రి దాకా చెప్పుకుంటూ వచ్చాను. అక్కడ డాక్టరమ్మ అందరికంటే ఎక్కువ ముళ్ళు ఆయన ఒంట్లోంచే తీసింది. అందరూ బతికారు. అవ్వ ఒళ్ళో ఉన్న పిల్ల మొన్న తన పెళ్ళి పత్రిక ఇవ్వడానికి కాబోయే మొగుణ్ణి వెంటబెట్టుకుని చిన్నాయన ఇంటికి వచ్చింది. మా మేనత్త ఇప్పుడు ఆ కథను, తానూ బండిలో ఉన్నట్టే చెబుతుంది.

బండి పోయి చాలా ఏళ్ళయింది. ఇంక రోడ్డెక్కడానికి పనికిరాదని కాగితం వచ్చాక చిన్నాయనే తన చేతులతో ఒక్కొక్క మర విప్పాడు. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఏడు. ఆ తేనెటీగల రోజు ఆయన వయసు అరవై రెండు. నాలుగేళ్ళు గడిస్తే నేనూ ఆ వయసుకు చేరుతాను. కాలం నన్ను అక్కడి దాకా ఎలాగూ తీసుకుపోతుంది. అక్కడ నిలబడ్డప్పుడు నేను ఆయన లాంటి మనిషినేనా కాదా అన్నది మాత్రం నాకే వదిలేస్తుంది.