పాదరసం ఉత్తరాలు

"గొట్టం పైభాగంల ఏమున్నదే?"

"ఏముంటది? ఉత్తగున్నది. జెర పండుకో ఇగ."

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు.

ఆయన కాలేజీలో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. వెనకటి కాలంలో పరదేశపు పండితులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలను తెలుగులోకి దించేవాడు. మారేడ్‌పల్లి ఇంట్లో వంటగది గడపమీద కూర్చుని, రాసినంత మేరా నాకు చదివి వినిపించేవాడు. నాకు సంతకం తప్ప ఏమీ రాదు. నాకు అర్థమైతేనే పేజీ తిప్పేవాడు, లేకపోతే కొట్టేసి మళ్ళీ రాసేవాడు.

ఒకాయన గాజు గొట్టం నిండా పాదరసం పోసి, గిన్నెలో తలకిందులుగా నిలబెట్టాడట. పాదరసం కొంత దిగి పైన జాగా మిగిలిందట. అందులో ఏముంది, మిగతా పాదరసాన్ని నిలబెట్టేది గాలి బరువేనా అని ఊరూరికీ ఉత్తరాలు నడిచాయి. ఇంకొకాయన ఒంట్లో బాగాలేక, గొట్టమిచ్చి అక్క మొగుణ్ణి కొండ ఎక్కించాడు.

"బావ మంచిగ దొరికిండు!" అన్నాను.

"నీ తమ్ముడు మోండా మార్కెట్ల నాతోని బియ్యం మూట మోపియ్యలె?" అని నవ్వాడు.

ఈ వానలకు స్లాబు కారింది. ఇంకు పెన్నుతో రాసిన కాగితాలన్నీ పెట్టెలోనే నీలం ముద్దయ్యాయి. వేరే నకలు లేదు. ఇప్పుడా పుస్తకం నా చెవుల్లో తప్ప ఎక్కడా లేదు. అదీ కరిగిపోతోంది. నిన్న నోటికున్న ఉత్తరం పొద్దున లేచేసరికి సగమే ఉంది. ఎవరైనా పలకరిస్తే భయం, జవాబు చెప్పేలోగా ఇంకో మాట పోతుందేమోనని. అందుకే మల్కాజ్‌గిరి నుంచి మా చెల్లెలి కూతుర్ని పిలిపించి రాయిస్తున్నాను.

"పెద్దమ్మా, ఉత్తగ అంటే బాగలేదు, శూన్యం అని పెట్టిన. గాలి బరువు కాదు, వాతావరణ పీడనం. ఫోన్ల గట్లనే ఉన్నది."

"ఫోనుకు చెప్పిండా ఆయన? నాకు చెప్పిండు. కొట్టెయ్."

కొండ ఎక్కేకొద్దీ పాదరసం దిగిందని బావ రాశాడు. కింద ఇంకో గొట్టం దగ్గర సన్యాసి ఒకాయన్ని కాపలా పెట్టారు. అక్కడి పాదరసం పొద్దంతా కదల్లేదట. ఆ తర్వాత బావ ఏదో అడిగాడు. ఏమడిగాడు? మా ఆయన గొంతు వినబడుతోంది, మాట అందడం లేదు. దేవుడా, అందడం లేదు.

"బిడ్డా, మొదటికెల్లి చదువు, మెల్లగ. ఆయనది కాని మాటొస్తే నీ చెయ్యి పట్టుకొని ఆపుత. బావ కాడికొచ్చేసరికి యాదికొస్తదేమో. చదువు."