ముట్టుకోని అరటిపండు బజ్జీ

మా తమ్ముడు మిస్లిన్ కినబతాంగన్ నది మీద టూరిస్టుల పడవ నడపబట్టి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఒక్కరికైనా ఏనుగుని చూపించిన పాపాన పోలేదు. ముక్కు వేలాడే కోతుల్ని చూపించాడు. చెట్టు చిటారున కొమ్మలు విరిచి పక్క వేసుకునే ఒరాంగుటాన్‌ని చూపించాడు. కొమ్ముముక్కు పిట్టని చూపించి, "ఇది పెళ్ళాన్ని చెట్టుతొర్రలో కూర్చోబెట్టి తలుపు మూసేస్తుందండీ, తిండి మాత్రం తనే తెచ్చి నోట్లో పెడుతుంది. ఈ సంగతి విన్నప్పట్నుంచీ మా అక్క అలాంటి మొగుడి కోసం వెతుకుతోంది" అని నన్ను పదిమందిలో అల్లరిపాలు చేశాడు. ఆ రోజు నేను పడవలో లేను కనక బతికిపోయాడు. ఏనుగులు మాత్రం వాడి పడవకి కనపడవు.

కనపడవంటే వాటికి వీడి మీద పగేమీ లేదు. వీడు వెళ్ళేసరికి అవి నీళ్ళు తాగేసి అడవిలోకి వెళ్ళిపోయుంటాయి, అంతే. వీడూ మిగతా పడవలతోనే బయల్దేరతాడు. కానీ ఒడ్డున ఇల్లు కనపడిందంటే లోపల్నించి ఎవరో ఒకరు "మిస్లినూ, కాఫీ తాగి పోరా!" అని కేకేస్తారు. వీడు ఆపేస్తాడు. తాగుతాడా అంటే తాగడు. వేలి కొస కాఫీలో ముంచి పెదవికి రాసుకుంటాడు. పిండివంట అయితే ఒకసారి ముట్టుకుంటాడు. ఆ ముట్టుకోవడం కోసం పడవ ఒడ్డుకి తేవాలి, తాడు వెయ్యాలి, ముసలాళ్ళ మోకాళ్ళ నొప్పులు అడగాలి, మళ్ళీ తాడు విప్పాలి. పడవలో కూర్చున్నవాళ్ళు కెమెరాలు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తుంటారు.

మా నదివాళ్ళందరికీ కెంపునాన్ అంటే భయమే. ఎవరైనా తినమని పెట్టినదాన్ని ముట్టుకోకుండా దాటిపోతే దారిలో పామో, నీళ్ళలో తాతో కాచుకుని ఉంటాడు. మొసలిని మేం పేరు పెట్టి పిలవం, తాత అంటాం. ఏనుగయితే అవ్వ. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలుస్తామా ఏంటి? చేతికందితే అందరం వేలు తాకించేవాళ్ళమే గానీ, వీడికది ప్రాణం మీద భయం. దానికి కారణం ఉంది. ఒక పొద్దున మా నాన్న రొయ్యల బుట్టలు తియ్యడానికి వెళ్తుంటే అమ్మ ఆకులో చుట్టిన జిగురన్నం ముద్ద అందించింది. "వచ్చి తింటాలే" అని నాన్న పడవెక్కేశాడు. పడవ ఒక్కటే వచ్చింది. అప్పటికి మిస్లిన్ అమ్మ చంకలో ఉన్నాడు, ఆ ముద్ద తనకి పెట్టమని ఏడుస్తున్నాడు.

పోయిన వానలకి ముందు సోల్వే అనే నార్వే దేశపు పెద్దావిడ మా ఇంట్లో దిగింది. మా ఊళ్ళో టూరిస్టులు మా ఇళ్ళల్లోనే దిగుతారు. వంట నాది, పడవ వాడిది. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ నర్సట. క్రిములు పోవడానికి చేతులకి రాసుకునే మందు సీసా మెళ్ళో వేలాడేసుకుని తిరిగేది. జలగలు పట్టకుండా మోకాళ్ళ దాకా మేజోళ్ళు తొడుక్కునేది, అన్నం తినేటప్పుడు కూడా. మా భాష కాస్తో కూస్తో వచ్చు. నేను నీళ్ళు కాచి, నా చేత్తో వండింది తప్ప బయట మెతుకు ముట్టేది కాదు. మంచి మనిషి. కానీ ఇంకో రెండ్రోజుల్లో వెళ్ళిపోవాలనగా, భోజనాల దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇంత దూరం వచ్చాను. ఏనుగుని చూడకుండానే పోతానేమో" అంది.

సరిగ్గా అప్పుడే టూరిస్టుల పడవలన్నీ నడిపించే మా ఊరి అతిథుల సంఘం పెద్ద మస్రాన్ బాబాయ్ అక్కడ కూర్చుని చేప ముల్లు తీసుకుంటున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఏరా మిస్లిన్, నిన్న అన్ని పడవలకీ కనపడ్డ అవ్వలు నీకెందుకు కనపడలేదు?"

"ఆలస్యమైంది బాబాయ్."

"ఎందుకైంది?"

"దారిలో ఇళ్ళున్నాయి కదా."

"ఇళ్ళు మిగతావాళ్ళకి లేవూ? వాళ్ళు చెయ్యూపి పోవట్లా? ఈ కాలంలో కూడా కెంపునానేంట్రా! నువ్వు కాఫీలో వేలు ముంచుతుంటే చూడ్డానికా వీళ్ళు విమానాలెక్కి వస్తోంది? రేపు సాయంత్రం ఈవిడకి అవ్వల్ని చూపిస్తే సరే. లేదంటే పడవ గొలుసు తాళంచెవి నా చేతిలో పెట్టేసి, పామాయిల్ తోటలో గెలలు మొయ్యడానికి పో."

నేను మధ్యలో అడ్డం పడబోతే, "నువ్వూరుకో హలీమత్, నువ్వే చెడగొట్టావు వాణ్ణి" అని లేచిపోయాడు. ఆయన అన్నమాట చేసితీరతాడని ఊరంతటికీ తెలుసు. మిస్లిన్ కంచంలో అన్నాన్ని వేలితో అటూ ఇటూ తోశాడు.

"అక్కా, ఆ తోటలో నీళ్ళు కుళాయిలోంచి వస్తాయట" అన్నాడు, ఎవరో పోయారన్నంత నీరసంగా.

వాడికి పడవ తప్ప ఇంకో లోకం తెలీదు.

మర్నాడు నేను ఒడ్డు పొడుగునా ప్రతి ఇల్లూ ఎక్కి దిగాను. "ఇవాళ సాయంత్రం మావాడు పోతుంటే దయచేసి ఎవరూ కాఫీ అనకండి. అసలు కనపడకండి" అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. కొందరికి కోపం వచ్చింది. "మన పిల్లాణ్ణి కాఫీకి పిలవకపోతే మనం మనుషులమేనా?" అని ఒకావిడ నన్నే నిలదీసింది. చివరికి అందరూ ఒప్పుకున్నారు. నాకు వీడి మీద నమ్మకం లేక, సాయంత్రం నేను కూడా పడవెక్కి ముందు కూర్చున్నాను.

ఊరు మాట నిలబెట్టుకుంది, కాస్త ఎక్కువగానే. ఒడ్డున నరపురుగు లేదు. తలుపులు మూసి ఉన్నాయి, కిటికీ తెరల సందుల్లోంచి కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఒక ఇంట్లో పిల్లాడెవడో "మిస్లిన్ మామా!" అని అరవబోతే ఎవరో నోరు నొక్కేశారు.

"అక్కా, ఎవరికైనా ఏమైనా అయిందా? ఒక్కరూ పలకట్లేదు" అన్నాడు మిస్లిన్, మొహం చిన్నబుచ్చుకుని.

"ఏమీ కాలేదు. నడుపు."

"నా మీద కోపమా?"

"ముందు నడపరా మొద్దూ!"

సోల్వే మాత్రం బ్రహ్మానందంగా ఉంది. కోతుల గుంపు ఒకటి ఈ ఒడ్డు కొమ్మల మీంచి నీళ్ళలోకి దబ్బున దూకితే చప్పట్లు కొట్టింది. ఈ లెక్కన వెళ్తే మిగతా పడవల కంటే ముందే చేరతాం. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. అదిగో, అప్పుడు కనపడింది జైతున్ పిన్ని.

పొద్దున ఆవిడ సంతకి వెళ్ళింది. నా మాట ఆవిడకి అందలేదు. రేవు మెట్టు మీద పళ్ళెం నిండా వేడి వేడి అరటిపండు బజ్జీలు పట్టుకుని నిలబడింది.

"ఒరేయ్ మిస్లినూ! దొరసానమ్మకి కూడా చేశాన్రా!"

మిస్లిన్ మొహం వెలిగిపోయింది. పడవ దానంతటదే తిరిగినట్టు తిరిగింది. సరేలే, ఒక్క ఇల్లే కదా అని నేను ఒక బజ్జీ మీద వేలు పెట్టి, తాడు పట్టుకుని "కానీ, కానీ" అంటూ ఒడ్డుకేసి తిరిగి నిలబడ్డాను. వాడూ ముట్టుకున్నాడు. నిమిషంలో బయల్దేరాం.

పెద్ద మలుపు దగ్గరకొచ్చేసరికి అవతల్నించి కొమ్మలు ఫెళఫెళ విరుగుతున్న చప్పుడు. గాలిలో పచ్చి పేడ వాసన. తర్వాత ఒక్క ఘీంకారం. సోల్వే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మలుపు తిరిగితే చాలు, అవ్వలు ఎదురుగా ఉంటాయి. మిస్లిన్ మోటారు చప్పుడు తగ్గించి, సంతోషం పట్టలేక ఆవిడ వైపు వంగాడు.

"చూశారా అమ్మా, పిన్ని బజ్జీ మహిమ! ఎలా ఉంది బజ్జీ?"

"నేను తినలేదు. కడుపు" అని ఆవిడ పొట్ట చూపించి నవ్వింది.

"పోనీ ముట్టుకున్నారుగా?"

"లేదు. నూనె. చేతులు శుభ్రం" అని మెడలో సీసా చూపించింది.

మా తమ్ముడు పడవని వెనక్కి తిప్పేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్ వెధవా, నీకేమైనా పిచ్చి పట్టిందా? ఆ మలుపు తిప్పరా! ఒక్కసారి చూపించి చావు, తర్వాత బజ్జీయే తినిపిస్తావో పళ్ళెమే తినిపిస్తావో! తోటలో గెలలు మొయ్యాలనుందా? ఆవిడ మన మనిషి కూడా కాదు కదరా, ఆవిడకేంటి కెంపునాన్!"

"తాతకి ఆ తేడా తెలుస్తుందా అక్కా?"

"చూసి రావచ్చు కదరా!"

"నాన్న కూడా వచ్చి తింటాననే కదా వెళ్ళాడు" అన్నాడు.

ఉద్యోగం పోతుందని వాడికీ తెలుసు, నా కంటే బాగా తెలుసు. సోల్వే ఏమైందని అడిగితే, నాకు వచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో కెంపునాన్ సంగతీ, నాన్న సంగతీ చెప్పాను. ఆవిడ వెనక వినిపిస్తున్న చప్పుడు వైపు ఒక్కసారి చూసింది. తర్వాత కెమెరా సంచిలో పెట్టేసింది.

పిన్ని రేవు దగ్గర సోల్వే బజ్జీని ముట్టుకుని ఊరుకోలేదు. తినేసింది. ఇంకోటి తీసుకుంది. జైతున్ పిన్నికి ఆనందం ఆగక కాఫీ కూడా తెచ్చి, ఆవిడ మేజోళ్ళు చూసి "పాపం కాళ్ళకి దెబ్బలు తగిలాయా" అని పరామర్శించింది. మేం మళ్ళీ మలుపు దగ్గరకి వెళ్ళేసరికి ఒడ్డున గడ్డంతా నలిగి ఉంది. అవ్వల జాడ లేదు. ఇంకా పొగలొస్తున్న పేడ మాత్రం ఉంది. సోల్వే దాన్నే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది.

ఊరి రేవులో మస్రాన్ బాబాయ్ కాచుకుని ఉన్నాడు. "చూశారా?" అన్నాడు.

"పేడ చూశాను! చాలా పెద్దది!" అంది సోల్వే.

మిస్లిన్ ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పాడు. వీడికి అబద్ధం ఆడ్డం కూడా చేతకాదు. బాబాయ్ మొహం కందగడ్డలా అయింది. "అవ్వల దాకా వెళ్ళి వెనక్కి తిప్పావా? బజ్జీ కోసం? ఇటు తే!" అని తాళంచెవి లాక్కున్నాడు. "ఇంకా వెలుతురుంది. నేనే తీసుకెళ్తాను. కూర్చోండమ్మా" అంటూ పడవలోకి దిగి తాడు విప్పాడు. మిస్లిన్ ఒడ్డున చేతులు వేలాడేసి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే కాఫీ పళ్ళెం తెచ్చాను. పడవ దిగినవాళ్ళకి కాఫీ ఇవ్వడం అలవాటు, చేతులు వాటంతటవే తెచ్చేశాయి. "బాబాయ్, కాఫీ" అన్నాను.

"ఇప్పుడు కాఫీయా? వద్దు, వద్దు!"

సోల్వే పడవెక్కలేదు. ఒడ్డునే నిలబడి కప్పు వైపు వేలు చూపించింది. "బాబాయ్, ముట్టుకోండి" అంది.

"మీక్కూడా పట్టించాడా వీడు ఈ పిచ్చి!" అని బాబాయ్ మోటారు వైపు వంగాడు. చెయ్యి దాని మీద పెట్టాడు. అలాగే ఉండిపోయాడు. పడవ పక్కన నీళ్ళు బురదగా, మెల్లగా కదులుతున్నాయి. ఆయన వాటికేసి చూశాడు. మేం ఆయనకేసి చూశాం.

కాసేపటికి ఆయన లేచి, ఎవరి మొహమూ చూడకుండా ఒడ్డుకి వంగి, చెయ్యి చాపాడు. ఎడమ చేతిలో పడవ తాడుంది, వదిలితే పడవ కొట్టుకుపోతుంది. కుడి చేతిలో తాళంచెవి ఉంది, అన్నం ముట్టే చెయ్యి అదే. అటూ ఇటూ చూసి, తాళంచెవిని పక్కన నిలబడ్డ మిస్లిన్ చేతిలో పెట్టాడు. వేలు కాఫీలో ముంచి పెదవికి రాసుకున్నాడు.

"బజ్జీలు కూడా ఉన్నాయి బాబాయ్. పిన్ని కట్టిచ్చింది" అన్నాడు మిస్లిన్, భయం భయంగానే.

బాబాయ్ వాణ్ణి కొరకొరా చూసి, ఒకటి తీసుకుని మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. "రేపు తెల్లవారు నమాజు కాగానే తీసుకెళ్ళు ఆవిణ్ణి" అన్నాడు నోటినిండా బజ్జీతో. "అప్పటికింకా ఎవరి పొయ్యీ వెలగదు."

తాళంచెవి మాత్రం తిరిగి అడగలేదు.